సెలవు కాగితం: ‘యోల్’ సినిమా, మన పెరోలు

ఈ మధ్య మేం కొందరు విద్యార్థులతో కలిసి ‘యోల్’ సినిమాని హాస్టలు గదిలో గోడమీద వేసుకుని చూశాం. టర్కీ సినిమా. ఐదుగురు ఖైదీలు వారం రోజుల సెలవు మీద జైలునించి ఇళ్ళకి బయల్దేరతారు. కథ అంతే. అయిపోయాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనకనించి ఒక విద్యార్థి, "జైల్లోంచి బయటపడ్డవాళ్ళు మళ్ళీ వెనక్కి ఎందుకు పోతారు?" అనడిగాడు. కొందరు నవ్వారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. జైలంటే గోడ, తాళం, తుపాకి అనుకున్నంతకాలం ఈ ప్రశ్నకి జవాబు దొరకదు. గోడ దాటించి, తాళం తీసి, పక్కన పోలీసు లేకుండా పంపినా మనిషి ఏడోరోజుకి తనంతట తానే గేటు ముందు నిలబడుతున్నాడంటే, అతన్ని పట్టి ఉంచుతున్నదేదో జైలు బయట కూడా ఉందన్నమాట. అదేమిటి, ఎవరి చేతిలో ఉంది అన్నదే ఈ వ్యాసంలో మేం చర్చించదలుచుకున్నది.

సినిమా చూడనివాళ్ళ కోసం కొంత నేపథ్యం చెప్పాలి. ‘యోల్’ అంటే టర్కీ భాషలో దారి. 1982లో కాన్ చిత్రోత్సవంలో ఇచ్చే పెద్ద బహుమతి ‘పామ్ దోర్’ని ఈ సినిమా, కోస్తా గావ్రాస్ తీసిన ‘మిస్సింగ్’ కలిసి పంచుకున్నాయి. తెరమీద దర్శకుడి పేరు షెరీఫ్ గోరెన్. కథ, స్క్రీన్‌ప్లే యిల్మాజ్ గునెవి. గునె దీన్ని జైల్లో కూచుని రాశాడు. ఇది మామూలు విశేషం కాదు కాబట్టి అతని గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి.

గునె 1937లో అదానా దగ్గర ఒక పల్లెలో, పత్తిచేలల్లో పనిచేసే కుర్దు కుటుంబంలో పుట్టాడు. 1960లలో టర్కీ జనం నెత్తిన పెట్టుకున్న సినిమా నటుడయ్యాడు. నున్నటి మొహాల హీరోల మధ్య ఇతని మొహం కూలివాడి మొహంలా ఉండేది. అందుకే జనం ‘కురూపి రాజు’ అని ముద్దుగా పిలుచుకున్నారు. 1961లో ఒక కథ రాసినందుకు కమ్యూనిస్టు ప్రచారమని జైల్లో పెట్టారు. 1972లో విప్లవ విద్యార్థులకి ఆశ్రయమిచ్చాడని మళ్ళీ పెట్టారు. 1974లో క్షమాభిక్షలో బయటికొచ్చాడు. అదే ఏడాది యుముర్తాలిక్ అనే ఊళ్ళో ఒక జడ్జి తుపాకి దెబ్బకి చనిపోయిన కేసులో 19 సంవత్సరాల శిక్ష పడింది. గునె మీద అభిమానంతో కొందరు ఈ విషయాన్ని దాటేసి, మొత్తం జైలుజీవితాన్ని రాజకీయ నిర్బంధంగా రాస్తుంటారు. అలా రాయడం మాకు ఇష్టం లేదు. చనిపోయినవాడు ఒక మనిషి. పైగా గునె నేరం మోస్తున్న ఖైదీగా మామూలు ఖైదీల మధ్య గడిపాడు కాబట్టే ఈ సినిమా ఇలా ఉంది.

జైల్లోంచే అతను సినిమాలు తీయించాడు. స్క్రిప్టు రాసి, ఎక్కడ ఏం కనపడాలో రాసి బయటికి పంపితే వేరే దర్శకులు తీసేవాళ్ళు. 1978లో వచ్చిన ‘సురు’ (మంద)ని జెకి ఓక్తెన్ తీశాడు. ‘యోల్’ని మొదట ఎర్దెన్ కిరాల్ మొదలుపెట్టాడు. గునెకి అది నచ్చలేదు. ఆపించి గోరెన్‌కి అప్పజెప్పాడు. అప్పటికి 1980 సెప్టెంబరు 12న సైన్యం అధికారం లాక్కుంది. దేశమంతా మార్షల్ లా. అలాంటి సమయంలో కొద్దిమంది మనుషులతో, నిజం బస్సుల్లో, నిజం రైళ్ళలో, నిజం మంచులో సినిమా తీశారు. 1981 అక్టోబరులో గునె పండగ సెలవు మీద జైలునించి బయటికొచ్చి తిరిగి వెళ్ళలేదు. దేశం దాటి, స్విట్జర్లాండులో కూచుని ఫిలిం ఎడిట్ చేశాడు. అంటే సెలవు మీద వెళ్ళిన ఖైదీల సినిమా పూర్తయింది, సెలవు మీద వెళ్ళిన ఒక ఖైదీ తిరిగి రాకపోవడం వల్ల. సంగీతం జుల్ఫు లివానెలిది. తెరమీద మాత్రం ‘సెబాస్టియన్ ఆర్గోల్’ అని దొంగపేరు పడింది. పేరు వేసుకోవడానికి కూడా భయపడాల్సిన రోజులు.

ఇక కథ. ఇమ్రాలీ అనేది మర్మారా సముద్రంలో ఒక దీవి. ఆ దీవిమీద జైలు. సెలవు దొరికినవాళ్ళ పేర్లు చదువుతుంటే ఖైదీలంతా చెవులు రిక్కించి వింటుంటారు. పేరు వచ్చినవాళ్ళు పడవెక్కి, బస్సెక్కి తలోదారి పడతారు. వీళ్ళెవరూ రాజకీయ ఖైదీలు కాదు. ఇక్కడ మేం కొంచెం ఆగాలి. మన తెలుగులో జైలు సాహిత్యమంటే ఎక్కువగా రాజకీయ ఖైదీలు రాసిందే. అందులో మామూలు నేరం మీద వచ్చిన ఖైదీ ఊడ్చేవాడుగానో, వంటవాడుగానో, అమాయకుడుగానో పక్కనించి కనిపిస్తాడు. దోపిడీ చేసినవాడికి, స్మగ్లింగ్ చేసినవాడికి కూడా ఒక లోపలి జీవితం ఉంటుందని ‘యోల్’ చెప్తుంది. వాళ్ళని మంచివాళ్ళని చెయ్యదు, అమాయకులనీ చెయ్యదు.

మొదట పడిపోయేవాడు యూసుఫ్. అందర్లోకీ చిన్నవాడు. పెళ్ళాం కోసం పంజరంలో పిట్టని తీసుకెళ్తుంటాడు. దారిలో సైనికులు బస్సు ఆపి అందర్నీ దింపి కాగితాలు చూస్తారు. యూసుఫ్ జేబులు వెతుక్కుంటాడు. సెలవు కాగితం లేదు, ఎక్కడో పారేసుకున్నాడు. సెలవు ఇచ్చిన మాట నిజం. జైలుకి ఫోన్ చేస్తే తెలిసిపోతుంది. ఐనా కాగితం లేకపోతే మనిషి పారిపోయిన ఖైదీతో సమానం. అతని వారమంతా చెక్‌పోస్టు దగ్గర నిర్బంధంలోనే గడిచిపోతుంది. ఇంటిమొహం చూడనేలేదు. సినిమాలో అందరికన్నా తక్కువ సేపు కనిపించే కథ ఇది. మాకు మాత్రం అన్నిటికన్నా ఎక్కువ పట్టుకుంది. ఎందుకో కొంచెం తర్వాత చెప్తాం.

మెహ్మెత్ సాలిహ్‌ది దియార్‌బకిర్. బావమరిదితో కలిసి ఒక దోపిడీకి వెళ్ళాడు. పోలీసులు కాల్చేసరికి బావమరిదిని వదిలేసి కారు పోనిచ్చాడు. బావమరిది చచ్చిపోయాడు. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్తూ వచ్చినవాడు, సెలవు మీద వచ్చి పెళ్ళాం ముందు, అత్తమామల ముందు నిజం ఒప్పుకుంటాడు. కోర్టు వేసిన శిక్ష జైల్లో అనుభవిస్తున్నాడు, ఇప్పుడు ఇంటివాళ్ళు వేసే శిక్ష మొదలవుతుంది. పెళ్ళాం ఎమినె పిల్లల్ని తీసుకుని అతనితో రైలెక్కుతుంది. రైల్లో ఇద్దరూ ఒక్కటవ్వడానికి చోటు లేక పాయఖానాలోకి వెళ్తే ప్రయాణికులు తలుపు బాదుతారు, కొట్టడానికి మీదికొస్తారు. మొగుడూ పెళ్ళాలకి కూడా నాలుగు గోడలు లేవు. చివరికి ఎమినె తమ్ముడు, ఇంకా మీసాలు సరిగా రాని కుర్రాడు, ఇద్దర్నీ రైల్లోనే కాల్చేస్తాడు.

ఒమర్‌ది సిరియా సరిహద్దులో కుర్దుల ఊరు. ఊళ్ళో స్మగ్లింగే బతుకుతెరువు. సరిహద్దు గీత ఊళ్ళని, చుట్టాల్ని రెండుగా కోసినచోట అటునించి ఇటు సరుకు తేవడం నేరమైంది. ఒమర్ వెళ్ళేసరికి ఊరుని సైనిక పోలీసులు చుట్టుముట్టి ఉంటారు. చనిపోయినవాళ్ళ శవాల్ని తెచ్చి గుర్తుపట్టమంటారు. ఊరువాళ్ళెవరూ నోరు తెరవరు. గుర్తుపడితే ఆ ఇంటిమీద పడతారు గదా! అన్న శవాన్ని చూస్తూ కూడా ఒమర్ మొహంలో ఏమీ కనపడనివ్వడు. ఆచారం ప్రకారం అన్న పెళ్ళాం, పిల్లలు ఇప్పుడు ఇతని బాధ్యత. తాను మనసుపడ్డ అమ్మాయిని దూరంనించి చూసుకోవడమే మిగుల్తుంది. ఈ ఐదుగురిలో జైలుకి తిరిగి వెళ్ళకూడదని నిర్ణయించుకునేవాడు ఇతనొక్కడే. గుర్రమెక్కి కొండల్లోకి పోతాడు.

మెవ్లూత్ కథ చిన్నది, కొంచెం నవ్వు తెప్పించేది. నిశ్చయమైన అమ్మాయిని చూడబోతే పక్కన చుట్టాలు కాపలా. ఇద్దరూ ఒక్క నిమిషం ఒంటరిగా మాట్లాడుకోలేరు. మాట్లాడే కాసేపట్లో కూడా, పెళ్ళయ్యాక నువ్వు నేను చెప్పినట్టు వినాలి అని పాఠం చెప్తాడు. ఆ తర్వాత సానివాడకి పోతాడు.

సెయిత్ అలీ కథ మంచులో నడుస్తుంది. తారిక్ అకాన్ ఆ పాత్ర వేశాడు. ఇతను జైల్లో ఉండగా పెళ్ళాం జీనె ఒళ్ళమ్ముకునే చోటికి చేరింది. పుట్టింటివాళ్ళు పట్టి తెచ్చి ఎనిమిది నెలలుగా కొట్టంలో గొలుసులతో కట్టేసి, రొట్టె నీళ్ళు పడేసి ఉంచారు. చంపడం మొగుడి వంతు అని అతని కోసం ఎదురుచూస్తున్నారు. వారం సెలవులో ఇతను చెయ్యాల్సిన పని అది! మంచులో కొండ ఎక్కి వెళ్తుంటే దారిలో గుర్రం కూలబడుతుంది. లేపడానికి కొడతాడు, లేవకపోతే కాల్చేస్తాడు. తిరుగుదారిలో జీనెని, కొడుకుని వెంటబెట్టుకుని అదే మంచులోంచి నడిపిస్తాడు. తన చేత్తో చంపడు. మంచుకి వదిలేస్తాడు. పల్చటి బట్టలతో ఆమె వెనకబడుతుంది. అప్పుడు అతని మనసు మారుతుంది. వెనక్కి పరిగెత్తి వీపున వేసుకుంటాడు, నిద్రలోకి జారకుండా బెల్టుతో కొడతాడు. గుర్రాన్ని కొట్టినట్టే కొడతాడు. ఆమె బతకదు.

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకి వద్దాం. యూసుఫ్‌ని పట్టి ఉంచింది కాగితం. సెయిత్ అలీని, మెహ్మెత్ సాలిహ్‌ని పట్టి ఉంచింది ఇల్లు, చుట్టరికం, పరువు. ఒమర్‌ని పట్టి ఉంచడానికి ఊరుచుట్టూ సైన్యం ఉంది. బయటికి వచ్చినవాడు పోవడానికి మరోచోటు లేదు. బయటున్న ప్రపంచం కూడా జైలులాగే నడుస్తోంది. ‘యోల్’ గురించి అందరూ రాసే మాట ఇదే, దేశమే ఒక జైలు అని. ఆ మాటలో నిజముంది గాని, అంతటితో ఆగిపోతే సరిపోదనుకుంటున్నాం. దేశమంతా జైలే ఐతే అందరూ సమానంగా ఖైదీలు కావాలి గదా. కారు. కుర్దు ఊరి చుట్టూ ఉన్నంత సైన్యం ఇస్తాంబుల్ బజారు చుట్టూ ఉండదు. గునె ఈ తేడాని దాచలేదు. రైలు, బస్సు తూర్పుకి వెళ్ళాక తెరమీద ‘కుర్దిస్తాన్’ అని ఒక్క మాట పడుతుంది. సినిమాని టర్కీలో 1999 దాకా నిషేధించడానికి, 1983లో గునె పౌరసత్వం తీసెయ్యడానికి ప్రభుత్వం దగ్గర కారణాలు చాలా ఉండొచ్చు. ఆ ఒక్క మాటని మాత్రం అది ఎప్పుడూ క్షమించలేదు. లేదని చెప్తున్న జాతిని పేరుపెట్టి పిలవడం ఎంత పెద్ద నేరమో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు.

సెలవు ఎవరికి, ఏ షరతుమీద దొరుకుతుందన్నది ఇక్కడినించి మనదేశంలో కూడా అడగాలి. మన జైళ్ళలో సెలవు రెండు రకాలు. ఒకటి ఫర్లో. కొంతకాలం శిక్ష అనుభవించి, జైల్లో ప్రవర్తన బాగుందనిపించుకున్నవాడికి, ప్రత్యేకంగా కారణం చెప్పనక్కర లేకుండా ఇచ్చేది. ఆ రోజులు శిక్షలో కలుస్తాయి. రెండోది పెరోలు. ఇంట్లో చావు, పెళ్ళి, జబ్బు లాంటి కారణం చూపిస్తే ఇచ్చేది. మామూలుగా ఆ రోజులు శిక్షలో కలవవు, తర్వాత కట్టాల్సిందే. 1894 నాటి జైళ్ళ చట్టంలో వీటి గురించి వివరమైన ఏర్పాటు లేదు. రాష్ట్రాలు నియమాలు పెట్టుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1979 జైలు నియమాలు, 1981 పెరోలు నియమాలు అలా వచ్చినవే. సెలవు ఖైదీకి సంపూర్ణమైన హక్కు కాదని సుప్రీంకోర్టు ఒకటికి రెండుసార్లు చెప్పింది.

హక్కు కానప్పుడు దాన్ని ఇచ్చేదెవరు? దరఖాస్తు జైలు సూపరింటెండెంటుకి పెట్టుకోవాలి. అది పోలీసులకి వెళ్తుంది. ఇతను ఊరికొస్తే శాంతిభద్రతలకి భంగమా, కాదా అని పోలీసులు ఊళ్ళో విచారించి రాస్తారు. తర్వాత పూచీకత్తు కావాలి. తిరిగి రాకపోతే ఇంత డబ్బు కడతామని ఆస్తి ఉన్నవాళ్ళు సంతకం పెట్టాలి. ఈ మూడు మెట్లూ కాగితం మీద కులం పేరెత్తవు. ఆచరణలో చూడండి. పోలీసు కానిస్టేబులు ఊరికొచ్చి ఎవర్ని అడుగుతాడు? మాలపల్లెకో మాదిగవాడకో వచ్చి ఖైదీ పక్కింటివాళ్ళని అడుగుతాడా? ఊళ్ళో పెద్దమనిషి అరుగుమీద కూచుని, టీ తాగి, అక్కడ విన్నది రాసుకుపోతాడు. ఖైదీ చేసిన నేరం ఆ పెద్దమనుషుల మీదనే ఐతే వాళ్ళ నోట ‘భంగం’ అన్న మాట రాక ఏమొస్తుంది? పూచీకత్తు సంగతి అంతకన్నా స్పష్టం. పట్టా భూమి ఉన్నవాడి సంతకం కావాలి. భూమి లేని కుటుంబం భూమి ఉన్నవాడి గుమ్మం తొక్కాలి. అతను సంతకం పెడితే ఆ బాకీ ఎలా తీరుతుందో, ఎన్నేళ్ళ వెట్టితో తీరుతుందో అందరికీ తెలుసు.

1978లో మోతీరామ్ అనే మేస్త్రీ కేసు సుప్రీంకోర్టుకొచ్చింది. అది బెయిలు కేసు, పెరోలు కాదు. కాని పూచీకత్తు తర్కం ఒకటే. రాళ్ళు పేర్చుకు బతికేవాడిని పదివేల రూపాయల పూచీ తెమ్మన్నారు. అన్నదమ్ముడు ముందుకొస్తే, నీ ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ ఉత్తర్వుని కడిగేస్తూ, దక్షిణాదివాణ్ణి, ఆ వరసలో తెలుగువాణ్ణి కూడా, ఎక్కడో బస్తర్‌లోనో చాందినీచౌక్‌లోనో పట్టుకుంటే అక్కడి స్థానిక పూచీ ఎక్కణ్ణించి తెస్తాడని అడిగారు. ఆ తీర్పుని లా కాలేజీల్లో ఇప్పటికీ పాఠంగా చెప్తారు. పూచీ కోసం తిరిగే కుటుంబాలు కూడా ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి.

ఇంకో సంగతి. పెరోలు, ఫర్లో శిక్షపడ్డవాళ్ళకే. 2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురికి సెలవు అన్న మాటే వర్తించదు. వాళ్ళింకా నేరస్థులని తేలలేదు కాబట్టి నేరస్థులకి దొరికే సదుపాయం దొరకదు! బెయిలు కావాలి, బెయిలుకి మళ్ళీ పూచీ కావాలి. ఇంట్లో చావొస్తే పోలీసు కాపలాతో కొద్ది గంటలు.

ఇదంతా చూసి, పెరోలు ఎవరికీ దొరకదేమో అనుకోకండి. 2002 గుజరాత్ మారణకాండలో బిల్కిస్ బానో మీద సామూహిక అత్యాచారం, ఆమె కుటుంబీకుల హత్యల కేసులో జీవితఖైదు పడ్డ 11 మందిలో 10 మంది పెరోలు, ఫర్లో లాంటి సెలవుల మీద ఒక్కొక్కరు వెయ్యి రోజులకి పైగా బయట గడిపారు. ఈ లెక్క 2022లో గుజరాత్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకి ఇచ్చిన అఫిడవిట్లో బయటపడింది. ఆ ఏడాదే వాళ్ళని పూర్తిగా విడుదల చేశారు కూడా. సుప్రీంకోర్టు 2024 జనవరి 8న ఆ విడుదలని కొట్టేసింది. వీళ్ళు బయట తిరిగిన ఊళ్ళలోనే, వీళ్ళ మీద సాక్ష్యం చెప్పినవాళ్ళు కూడా బతకాలి. అక్కడ ‘శాంతిభద్రతలకి భంగం’ అన్న అభ్యంతరం నిలబడలేదు. ఊళ్ళో ఎవరికి ఎంత బలముందో కొలిచే తూకంగా పెరోలు ఎలా మారుతుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

యూసుఫ్ కథ మమ్మల్ని ఎందుకు పట్టుకుందో ఇప్పుడు చెప్తాం. సెలవు కాగితం లేకపోతే నేరస్థుడన్న నియమం ఈ దేశంలో ఏ కోర్టూ శిక్ష వెయ్యని మనుషుల మీద కూడా నడిచింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ తెగల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. తెలుగు ప్రాంతంలో ఎరుకల కుటుంబాల్ని తెచ్చి పెట్టిన స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఆ చట్టం కిందనే సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో నడిచింది. ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. చట్టం కింద పేరు నమోదైనవాడు హాజరు వేయించుకోవాలి. హద్దు దాటాలంటే పాసు తీసుకోవాలి. చుట్టం చచ్చిపోయినా, సంతకి పోవాలన్నా పాసే. పాసు లేకుండా దొరికితే అదే నేరం. దొంగతనం చేశాడా లేదా అన్న ప్రశ్నే లేదు. పుట్టుకే శిక్ష, ప్రయాణం పెరోలు. జైలు సెలవు అనేది తప్పు చేసినవాడికి చూపించే దయ అని న్యాయశాస్త్రం పుస్తకాలు చెప్తాయి. ఎరుకల వాళ్ళ అనుభవంలోంచి చూస్తే, స్వేచ్ఛగా తిరగాల్సినవాడిని సెలవు అడుక్కునేవాడిగా చేసే పద్ధతి అది.

ఆ చట్టం 1952లో రద్దయింది. దాని నీడ మాత్రం జైలు మాన్యువళ్ళలో ఉండిపోయింది. సుకన్య శాంత అనే పత్రికా రచయిత వేసిన కేసులో 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదివితే తెలుస్తుంది. పాకీపని ఫలానా కులాల ఖైదీలకి, వంటపని ఫలానా కులాల ఖైదీలకి అని కొన్ని రాష్ట్రాల నియమాల్లో రాసే ఉంది. సంచార తెగలని, ఒకప్పుడు క్రిమినల్ అని ముద్రపడ్డ తెగలని పుట్టుకతో అలవాటుపడ్డ నేరస్థులుగా చూసే వాక్యాలు ఉన్నాయి. కోర్టు వాటిని రాజ్యాంగ విరుద్ధమంది. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమంది. మూడు నెలల్లో నియమాలు మార్చమంది. రిజిస్టరులో గడి కొట్టెయ్యడం మంచిదే. కాని పైన చెప్పిన పోలీసు విచారణ, పూచీకత్తు ఏ గడిలోనూ లేవు, కాబట్టి కొట్టెయ్యడానికి దొరకవు. ఈలోగా 2023లో కేంద్రం తయారుచేసిన నమూనా జైళ్ళ చట్టం సెలవు కావాలంటే ఖైదీ ఒంటికి జాడ తెలిపే ఎలక్ట్రానిక్ యంత్రం పెట్టుకోడానికి ఒప్పుకోవాలన్న ఏర్పాటు తెచ్చింది. యూసుఫ్ కాగితం ఇకమీదట పోదన్నమాట, కాలికో చేతికో కట్టేస్తారు.

సినిమా మీద మాకొక అసంతృప్తి కూడా ఉంది, చెప్పాలి. ఐదుగురు మగవాళ్ళకి సెలవు దొరికింది. ఎమినెకి, ఒమర్ వదినకి, మెవ్లూత్‌కి కాబోయే పెళ్ళానికి సెలవు ఎవరిస్తారు? గొలుసులతో కొట్టంలో ఉన్న జీనె ఈ సినిమాలో అందరికన్నా పూర్తి అర్థంలో ఖైదీ. ఆమెకి కోర్టు లేదు, శిక్షాకాలం లేదు, సత్ప్రవర్తన లేదు. ఐనా కెమెరా ఎక్కువసేపు సెయిత్ అలీ మొహం మీదే నిలుస్తుంది. చంపడానికి వచ్చినవాడి వేదన మనకి బాగా తెలుస్తుంది. ఆ ఎనిమిది నెలల్లో ఆమె ఏమనుకుందో తెలియదు. గునె ఆచారాన్ని ఖండించాడు, సందేహం లేదు. కాని కథ చెప్పే హక్కు మగవాడి దగ్గరే ఉంచాడు. మన దళిత సినిమా, కథ కూడా ఈ తప్పు చెయ్యకుండా ఏమీ లేవు, కాబట్టి దీన్ని టర్కీవాళ్ళ వెనకబాటుతనం అని తోసెయ్యడం కుదరదు. పరువు పేరుతో చంపడం ఇస్లాం ఆచారమన్నట్టు ఈ సినిమాని చూసి మాట్లాడేవాళ్ళకి, 2018లో మిర్యాలగూడలో దళిత యువకుణ్ణి పెళ్ళి చేసుకున్న అమ్మాయి తండ్రి కిరాయి ఇచ్చి అల్లుణ్ణి చంపించిన సంగతి గుర్తుచెయ్యాలి. ఆ ఊళ్ళో మంచు కూడా లేదు.

గునె 1983లో ఫ్రాన్సులో ‘దువార్’ (గోడ) తీశాడు. అంకారాలోని పిల్లల జైలు గురించి. అదే చివరి సినిమా. 1984 సెప్టెంబరులో క్యాన్సరుతో పారిస్‌లో చనిపోయాడు. అక్కడే పెర్ లాషేజ్ శ్మశానంలో పూడ్చారు. సెలవు మీద బయటికొచ్చినవాడు ఊరికి మాత్రం చేరలేదు.

‘యోల్’ టర్కీ తెరమీదికి వచ్చింది 1999లో. అదే సంవత్సరం ఫిబ్రవరిలో కుర్దు నాయకుడు అబ్దుల్లా ఒజలాన్‌ని పట్టుకుని ఇమ్రాలీ దీవికే తెచ్చారు. అక్కడున్న ఖైదీలందర్నీ వేరే జైళ్ళకి పంపేసి, దీవిమొత్తం అతనొక్కడి కోసం ఉంచారు. పదేళ్ళపాటు అక్కడ ఒకే ఖైదీ. ఉరిశిక్ష తర్వాత చచ్చేదాకా జైలుగా మారింది. ఏనాటికైనా విడుదలకి దారి లేని శిక్ష మనిషిని అవమానించడమేనని యూరప్ మానవహక్కుల కోర్టు 2014లో అతని కేసులోనే చెప్పింది. 2025 ఫిబ్రవరిలో అతను ఆయుధాలు వదిలెయ్యమని తన పార్టీకి పిలుపిచ్చాడు, మే నెలలో పార్టీ రద్దవుతున్నట్టు ప్రకటించింది. ఆ పిలుపు కూడా దీవినించి కాగితం మీదే వచ్చింది. ఇస్తాంబుల్లో వేరేవాళ్ళు చదివి వినిపించారు.